జెట్టీ కాడ చోటు

కేజీహెచ్ డౌన్ స్టాపులో దిగినవాళ్లు
ముందు పైకి చూస్తారు.
కొండవాలుకి అతుక్కున్న ఆసుపత్రి.
ఒంట్లో బాగోని మనిషికి ఈ ఎక్కుడెందుకో
ఇరవై ఏళ్లయినా నాకు తెలీదు.

క్యాజువాలిటీ కిటికీలో చీటీలు రాస్తాను.
పేరు, వయసు, ఊరు, ఏమయింది.
రాత్రి తొమ్మిదికి కూర్చుంటే
హార్బరు వైపు ఆకాశం తెల్లబడేసరికి
చూపుడువేలికి సిరా గుంట.

కుక్క కరిచింది, అక్కయ్యపాలెం.
బీపీ మాత్రలయిపోయాయి, కంచరపాలెం.
కుట్లు విప్పాలి, మల్కాపురం.
పిల్లకి మూడు రోజుల్నించి జొరం, జాలారిపేట.
మరి పగలేం చేశారమ్మా అన్నాను.
"పగలు కూలికెల్లాం బావూ" అంది.
ఆ తర్వాత ఎవర్నీ అలా అడగలేదు.
అయిదింటికి తాళం పడే ఆరోగ్య కేంద్రం
ఆరింటికి పని దిగే మనిషికి
గోడ మీద బొమ్మే కదా.

ఒక రాత్రి, చీటీ నంబరు రెండొందల పద్నాలుగు:
కిల్లో దంబ్రు, ముప్పై ఒకటి, పాము.
పాడేరు పైన ఏదో ఊరు,
ఆ పేరు పూర్తిగా చెప్పే వ్యవధి వాళ్లన్నకి లేకపోయింది.
ఘాట్ రోడ్డు మలుపులన్నీ దాటొచ్చినవాడు
మా గుమ్మంలో పదకొండు నిమిషాలు ఆగాడు.
స్ట్రెచర్ చక్రాలకి అడ్డం
ఒక టిఫిన్ క్యారేజీ, రెండు జతల చెప్పులు,
దగ్గు మందుకి నిలబడ్డ నలభై మంది.
ఎవరూ చెడ్డవాళ్లు కారు.
అందరూ జరగబోయారు,
జరగడానికి చోటు లేదు.

ఆ చీటీలో ఊరి గడి ఇప్పటికీ ఖాళీ.

మర్నాడు పూర్ణా మార్కెట్లో రూళ్ల పుస్తకం కొన్నాను.
చీటీలో పట్టని ప్రశ్న అందులో రాసుకున్నాను:
మీ వీధిలో ఒక నర్సు మేలుకుని ఉంటే
ఇంత దూరం వచ్చేవారా?
మూడు నెలలు అడిగాను.
సగం మందికి పైనే తల అడ్డంగా ఊపారు.
డాక్టర్ తస్లీమా నిలబడే చదివింది ఆ పుస్తకాన్ని,
చేతిలో టీ మీద మీగడ కట్టేదాకా.
తర్వాత అది ఎన్ని బల్లలెక్కి దిగిందో చెప్పను,
ఈ కవిత పొడవు చాలదు.

ఇప్పుడు జాలారిపేటలో
రాత్రి పదకొండు దాకా ఒక ట్యూబులైటు.
దాని కింద సిస్టర్ సుగుణ, ఒక ఫ్రిజ్జు,
కుక్కకాటు సూదులు, బీపీ మాత్రలు, దూది.
ఇక్కడ మా గుమ్మంలో రిబ్బన్లు కడతారు,
ఎరుపు, పసుపు, పచ్చ.
పచ్చ కట్టించుకున్నవాళ్లు తిడతారు.
"పెద్దాసుపత్రికొస్తే సిన్నదానికి పొమ్మంటారేటి?"
నాకు జవాబు తెలుసు, చెప్పడం రాదు.

చెప్పినవాడు గనగళ్ల పోలారావు.
అరచేతిలో గేలం దిగబడి వచ్చి
పచ్చ రిబ్బను చూసి గంటసేపు తిట్టినవాడే.
తిట్టి తిట్టి అలిసి, ఎర్ర రిబ్బన్లు లోపలికి పోవడం చూసి,
వెనక నిలబడ్డవాళ్ల వైపు తిరిగాడు.
"మన జెట్టీ కాడ సూడ్లేదేటి?
ఎన్ని బోట్లున్నా ఒక బోటు పట్టే నీరు ఒగ్గేసి ఉంచుతాం.
కన్నం పడ్డ బోటు ఎప్పుడొస్తాదో
ఎవులికెరిక?"
ఆ పళాన ఇంకో చేత్తో గేలాన్ని చూసుకుంటూ
జాలారిపేట ఆటో ఎక్కాడు.

అన్నీ బాగయిపోయాయని కాదు.
సోమవారాలు అలాగే ఉన్నాయి.
ఒక మంచం మీద ఇద్దరు,
ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు.

నిన్న రెండున్నరకి మాత్రం
నా కిటికీ ముందు ఎవరూ లేరు.
మొదట భయమేసింది, తలుపు మూసేశారేమోనని.
బెంచీ మీద ఎవరో మరిచిన గొడుగు.
అప్పుడు ర్యాంపు మీదికి నూట ఎనిమిది వచ్చింది.
ఆ స్ట్రెచర్ ఎడమ చక్రం ఎప్పుడూ కిర్రుమంటుంది.
ఆ చప్పుడు గుమ్మంలో ఆగలేదు,
నన్ను దాటి, మలుపు తిరిగి, లోపలికి పోయి
వినపడకుండా పోయింది.

ఆమె తల్లి ఒక్కతే నా ముందు నిలబడింది.
కూర్చోమ్మా అన్నాను. చోటుంది.
ఊరి పేరు అడిగాను.
నెమ్మదిగా చెప్పింది, నేను నెమ్మదిగా రాశాను,
ది గు వ మో దా పు ట్టు.